లలితా ధ్యానం మొదలుపెట్టాక అహంకారం తగ్గకపోగా పెరిగింది, ఎక్కడ తప్పు చేస్తున్నా?

కోవూరు ఎరువుల కొట్టు:

అందరికీ నమస్కారం. కొంచెం సిగ్గుపడే విషయం, అందుకే సొంత పేరు పెట్టకుండా రాస్తన్నా. మాది కోవూరు పక్కన, ఎరువులు పురుగుమందుల షాపు, వయసు 41. నాకు ముందు నుంచీ నోరు ఎక్కువ, నేనన్నదే జరగాల అనే రకం, ఇంట్లోనూ అంతే షాపులోనూ అంతే. పోయిన దసరాకి మా బావ ఒకాయన, నీకు డబ్బు కాదురా నేను నేను అనేదే జబ్బు, అమ్మవారి ధ్యానం పట్టుకో, ఆ జబ్బు అమ్మే తీయాల అన్నాడు. సరేనని పాడ్యమి రోజు మొదలుపెట్టా. పొద్దున నాలుగున్నరకి లేవడం, తలస్నానం, ధ్యాన శ్లోకాలు, ఒక 20 నిమిషాలు కళ్లు మూసుకుని అమ్మ రూపం చూసుకోవడం, ఆ తర్వాత లలితా సహస్రనామం. ఒక మండలం అనుకున్నా కానీ 41 రోజులు అయిపోయినా ఆపబుద్ధి కాలేదు, ఇప్పటికి నాలుగు నెలలు దాటింది.

మొదట్లో బాగుండింది, అబద్ధం ఎందుకు. మనసు తేలిగ్గా ఉండేది, షాపులో కుర్రోళ్ల మీద అరవడం కూడా తగ్గింది. తర్వాత ఎప్పుడు మారిందో నాకే తెలీదు. పెద్ద బొట్టు, ఎర్ర పంచె, పొద్దున్నే వాట్సాప్‌లో పూజ ఫొటో స్టేటస్. ఎవరు చూశారో లెక్కబెట్టుకోవడం. నాలుగున్నరకి లేవని వాళ్లని చూస్తే ఒక చిన్నచూపు. దర్గామిట్ట రాజరాజేశ్వరి అమ్మవారి గుడిలో తీర్థం నాకంటే ముందు పక్కాయనకి ఇచ్చారని రెండు రోజులు లోపల మండింది, ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తది కానీ ఆ రోజు నిజంగా మండింది.

అసలు సంగతి ఇది. సంక్రాంతి అయిపోయిన వారం, వరికి యూరియా చల్లే టైమ్, షాపు ముందు జనం. నా పూజ ఆ రోజు లేటయింది. పైన పూజ గది, కింద షాపు. ఒక ముసలాయన, ఎప్పటి నుంచో మా దగ్గర ఖాతా ఉన్న రైతు, కింద నుంచి అయ్యా అయ్యా అని మూడు సార్లు పిలిచాడు. నేను ఎర్ర పంచెతోనే దిగొచ్చి, ఉపాసనలో ఉన్నోడిని కదిలిస్తే ఏమవతదో తెలుసా నీకు అని అందరి ముందరా అరిచేశా. బాకీ సంగతి కూడా ఎత్తా. ఎత్తకూడదు, తెలుసు. ఆయన ఏమీ అనలేదు, తువ్వాలు భుజాన వేసుకుని, "అమ్మోరితో మాట్లాడతా ఉండావంట కదయ్యా, మా పైరు గురించి కూడా రొంత చెప్పు" అనేసి పొయ్యాడు. ఎగతాళి అనుకుందామంటే ఆయన మొహంలో ఎగతాళి లేదు.

ఆ రాత్రి మా ఆవిడ ఒకే మాటంది. "ఇంతకు ముందు నువ్వొక్కడివే అరిచేవాడివి, ఇప్పుడు అమ్మవారిని కూడా తోడు తెచ్చుకుని అరుస్తా ఉండావు."

అప్పట్నుంచి కూర్చుంటే ధ్యానం కుదరడం లేదు. ఇంకో డౌట్ కూడా ఉంది. ధ్యాన శ్లోకంలో "అహమిత్యేవ విభావయే భవానీం" అని వస్తది కదా, భవానిని నేనే అని భావిస్తున్నా అని అర్థం చెప్పారు. రోజూ నేనే అమ్మవారిని అనుకుంటా కూర్చుంటే నాలాంటోడికి అహంకారం పెరక్క ఇంకేమవతది? ఆపేయమంటారా, ఇంకేదన్నా పద్ధతి ఉందా? తెలిసినోళ్లు చెప్పండి, తిట్టినా పర్లేదు.

బుచ్చి పాత పంతులు:

నేను తెలుగు పండితుడిగా రిటైరైన వాణ్ణి, శ్రీవిద్యలో, అంటే లలితా దేవి ఉపాసనా మార్గంలో, గురువుని కాను, ఆ మాట ముందే చెప్తున్నాను. చదివినది, కొంత కూర్చుని చూసినది చెప్తాను.

నాయనా, ఆ శ్లోకాన్ని నువ్వు చివరి నుంచి చదువుతున్నావు. మొదటి నుంచి చదువు. "అరుణాం కరుణాతరంగితాక్షీం", ఎర్రని కాంతి, కరుణ అలలు అలలుగా కదిలే కళ్లు. అది మొదటి పాదం. "ధృతపాశాంకుశపుష్పబాణచాపాం", చేతుల్లో పాశం, అంకుశం, పూలబాణాలు, విల్లు. అది రెండోది. "అణిమాదిభిరావృతాం మయూఖైః", అణిమ మొదలైన సిద్ధులు, అంటే యోగశక్తులు, కిరణాలుగా ఆమెని చుట్టుకుని ఉన్నాయి. మూడోది. ఈ మూడూ దాటాక నాలుగో పాదంలో వస్తుంది అహం. నువ్వు కరుణ ఉన్న పాదం ఎగరగొట్టి ఒక్క దూకుతో నాలుగో పాదంలో పడ్డావు, పైగా ఎర్ర పంచెతో. ఎరుపు ఒక్కటే మిగిలింది, కళ్లలో అలలు మిగల్లేదు. కోపం తెచ్చుకోవద్దు, తిట్టినా పర్లేదన్నావు కాబట్టి అంటున్నాను.

ఆ నాలుగో పాదానికి అర్థం, కోవూరులో షాపున్న ఫలానా ఆయన భవాని అయిపోయాడని కాదు. నేను అని లోపల మెదిలేది ఏదైతే ఉందో అది ఆయనది కాదు, ఆమెది అని. ఒక ఇంటి పట్టా ఇంకొకరి పేరు మీదికి మారినట్టు. పట్టా మారాక పాత ఓనరు అద్దె వసూలు చేస్తే ఎట్లా? నువ్వు చేస్తున్నది అదే. సౌందర్యలహరిలో 22వ శ్లోకం ఉంది, "భవాని త్వం" అని మొదలవుతుంది. భవానీ, నీవు ఈ దాసుడి మీద దయగల చూపు ప్రసరింపజెయ్యి అని అడగబోయిన భక్తుడు "భవాని త్వం" అనేసరికే అమ్మ తన సాయుజ్యం, అంటే తనలో కలిసిపోవడం, ఇచ్చేస్తుందట. సంస్కృతంలో "భవాని" అంటే పిలుపూ అవుతుంది, "నేను అగుదును గాక" అనే క్రియ కూడా అవుతుంది. భవాని త్వం, నేను నీవు అగుదును గాక. మాటలో ఉన్న ఆ రెండో అర్థాన్ని పట్టుకుని ఆమె ఇచ్చేసింది. కానీ గమనించు, వాడు అడగాలనుకున్నది "దాసే మయి", దాసుడినైన నా మీద. దాసుడుగా నోరు తెరిచాడు. యజమానిగా నోరు తెరిచినవాడికి ఆ శ్లోకం ఏమీ హామీ ఇవ్వలేదు.

ఇక పద్ధతి అడిగావు. సహస్రనామంలో మొదట్లోనే నాలుగు నామాలున్నాయి, రోజూ చదువుతూనే ఉంటావు, ఆగి చూసి ఉండవు. "రాగస్వరూపపాశాఢ్యా, క్రోధాకారాంకుశోజ్జ్వలా, మనోరూపేక్షుకోదండా, పంచతన్మాత్రసాయకా." మన ఆశలు, మమకారాలే ఆమె చేతిలో పాశం. మన కోపమే అంకుశం. మన మనసే చెరకు విల్లు. శబ్దం, స్పర్శ, రూపం, రసం, గంధం, ఈ ఐదూ బాణాలు. అంకుశం ఎవరి చేతిలో ఉంది? ఆమె చేతిలో. ఏనుగు మీద కూర్చున్నవాడి చేతిలో ఉంటే అది పనిముట్టు, ఏనుగే లాక్కుంటే ఏమవుతుందో ఆ రోజు మీ షాపు ముందర జనం చూశారు. నువ్వు చూసుకునే ఆ 20 నిమిషాల రూపంలో ఒక్కో చెయ్యి దగ్గర ఆగు. అంకుశం దగ్గర ఆగినప్పుడు, నిన్న ఎవరి మీద కోపం వచ్చిందో ఆ మనిషి పేరుతో సహా ఆమె చేతిలో పెట్టు. పాశం దగ్గర, ఏది వదల్లేక పట్టుకున్నావో అది. తీర్థం ముందు నాకే ఇవ్వాలి అన్నదాంతో మొదలుపెట్టొచ్చు. నేను ఇలాగే చేస్తాను, నా పాశం దగ్గర చాలా ఏళ్లుగా మా తమ్ముడితో ఉన్న సరిహద్దు గట్టు తగాదా ఒకటి వేలాడుతూ ఉంది, ఇంకా పూర్తిగా ఆమె తీసుకోలేదు, లేదా నేను ఇవ్వలేదు.

ఇంకొకటి. దేవీమాహాత్మ్యం 13 అధ్యాయాలు, 700 శ్లోకాలు, మార్కండేయ పురాణంలోది. యుద్ధాలన్నీ అందరికీ తెలుసు కానీ ఆ కథ ఎవరు వింటున్నారో మనం మర్చిపోతాం. రాజ్యం పోయిన సురథుడు అనే రాజు, పెళ్లాం బిడ్డలు డబ్బు లాక్కుని తరిమేసిన సమాధి అనే వైశ్యుడు, ఇద్దరూ అడవిలో మేధస మహర్షి ఆశ్రమానికి చేరతారు. రాజుకి అక్కడ కూడా నా ఏనుగు ఎట్లా ఉందో అని బెంగ. వైశ్యుడికి తరిమేసిన వాళ్ల మీదే మమకారం. ఇది ఏంటి స్వామీ, తెలిసీ ఎందుకిలా అని అడిగితే మహర్షి చెప్పిందే మొత్తం కథ. చివర ఇద్దరూ ఏటి ఒడ్డున మట్టితో అమ్మ రూపం చేసుకుని మూడేళ్లు తపస్సు చేస్తారు. అమ్మ ప్రత్యక్షమైతే రాజు రాజ్యం అడిగాడు, ఇచ్చింది. వైశ్యుడు మాత్రం "నాది, నేను" అనే అంటు తెగిపోయే జ్ఞానం అడిగాడు, అదీ ఇచ్చింది. నీలాగే వ్యాపారి ఆయన. నువ్వు మొదలుపెట్టింది సమాధి లాగా, నడుస్తున్నది సురథుడి లాగా, అంతే తేడా.

ఆపాల్సిన పనేం లేదు. స్తోత్రం, ధ్యాన శ్లోకాలు అందరివీ. పంచదశి లాంటి మంత్రాలు, అమ్మవారి యంత్రమైన శ్రీచక్రానికి చేసే నవావరణ పూజ మాత్రం దీక్ష లేకుండా వీడియోలు చూసి పట్టుకోవద్దు.

కావలి కోడలు:

తమ్ముడూ ముందు మీ ఆవిడకి నా నమస్కారాలు చెప్పు. ఆ ఒక్క మాటలో మాస్టారు గారు రాసిందంతా ఉంది, మాస్టారూ ఏమనుకోకండి.

నీది మగాళ్ల జబ్బు మాత్రమే అనుకోబాక. మా కాలనీలో శుక్రవారం పారాయణ గ్రూపు ఉంది, 14 మందిమి. పుస్తకం చూడకుండా మొదట నేర్చుకుంది నేను. అబ్బ ఆ పుస్తకం మూసి పక్కన పెట్టేటప్పుడు ఉండే సుఖం చెప్పలేను. కళ్లు మూసుకుని చదువుతా కానీ ఒక కన్ను సందులోంచి చూసేదాన్ని, ఎవరు చూస్తన్నారా అని. "నిర్మదా మదనాశినీ, నిశ్చింతా నిరహంకారా" అని గడగడా అంటా అనేదాన్ని, ఆ నామాలు నా నోట్లోంచే వస్తన్నాయి, నా మదం మాత్రం ఎక్కడికీ పోలా. ఒక రోజు ఒక కొత్తమ్మాయి వచ్చి నాకంటే స్పీడుగా, నాకంటే తప్పుల్లేకుండా చదివింది. ఆ రోజు ఇంటికొచ్చి పప్పు మాడబెట్టా.

నాకు కొంచెం దిగింది ఎక్కడంటే జొన్నవాడలో. ఇంట్లో ఒక ఆరోగ్య సమస్య, మా అత్త కామాక్షి తాయి దగ్గర నిద్ర చెయ్యమంది. నెల్లూరు నుంచి పన్నెండు పదమూడు కిలోమీటర్లే కదా, పెన్న ఒడ్డున. శంకరాచార్యులు శ్రీచక్రం పెట్టిన చోటు అంటారు. అక్కడ నిద్ర చెయ్యడం తెలిసిందే కదా, చాపో దుప్పటో పరుచుకుని అందరి మధ్యలో పడుకోవడం. నా పక్కన ఒక పక్క బిడ్డల్లేని ఒకామె, ఇంకో పక్క మతి సరిగ్గా లేని అబ్బాయిని పట్టుకొచ్చిన ఒక తల్లి, ఆ అబ్బాయి రాత్రంతా నా దుప్పటి లాగుతానే ఉన్నాడు. నాకు సహస్రనామం కంఠతా వచ్చని ఆడ ఎవరికీ తెలీదు, తెలిసినా ఎవరికీ పట్టదు. ఆ తల్లికి నామాలు రావు, శ్లోకాలు రావు, అమ్మా అమ్మా అని మాత్రం అంటా ఉంది, నిద్రలో కూడా. తెల్లారి పెన్నలో మునిగి తడి బట్టలతో గుళ్లోకి పోయినప్పుడు కళ్లు మూసుకుంటే అమ్మ రూపం బదులు ఆ తల్లి మొహం వచ్చింది. నేను దాన్ని తోసెయ్యలేదు. ఆ రోజు నుంచి నా ధ్యానం అదే. ఇది శాస్త్రంలో ఉందో లేదో మాస్టారు చెప్పాల.

ఇంకో మాట, రక్తబీజుడు కథ నీకు తెలిసే ఉంటది, వాడి రక్తం ఒక్క బొట్టు నేల మీద పడితే ఇంకో రక్తబీజుడు లేస్తాడు. కొట్టే కొద్దీ ఎక్కువవుతాడు. చివరికి చాముండ నోరు తెరిచి బొట్టు నేలన పడకుండా తాగేసిందంట. అహంకారం కూడా అట్టాగే, నేను తగ్గించుకున్నా అనుకోగానే ఆ తగ్గించుకున్నోడు లేచి నిలబడతాడు. నేల అంటే నా దృష్టిలో నీ వాట్సాప్ స్టేటస్. ఆడ పడనీయమాక, చాలు.

చీమకుర్తి రాయి:

నేను దేవుణ్ణి పెద్దగా నమ్మను, గ్రానైట్ క్వారీలో పని, దుమ్ములో బతుకు. తప్పుగా అనుకోకండి కానీ ఒక డౌట్. అహంకారం తీసుకోవాలంటే మధ్యలో ఒక దేవత ఎందుకు? రమణ మహర్షి నేనెవరు అని నేరుగా అడగమన్నాడు కదా, అక్కడ చెరకు విల్లు లేదు, ఎర్ర చీర లేదు. మనమే ఒక రూపం కల్పించుకుని, దానికి నగలు పెట్టి, దాన్ని చూసి మనం చిన్నవాళ్లం అనుకోవడం నాకైతే మనసు మనసుతో ఆడే ఆట లాగా ఉంది. ఆ రూపం కూడా నువ్వు చేసిందే కదా బ్రదర్, ఇంక నేను అనేది ఎక్కడ తగ్గింది? నాకైతే ఆ ముసలాయన దగ్గరికెళ్లి సారీ చెప్పడం నాలుగు నెలల ధ్యానం కన్నా బెటర్. వాదన కోసం కాదు, నిజంగానే అడుగుతున్నా.

వెంకటగిరి మగ్గం:

చీమకుర్తి అన్నా, రూపం మనం చేసిందే కదా అన్నావు, అవును, మాకు మొహమాటం లేదు, మా ఊళ్లో అందరూ చూస్తుండగానే చేస్తాం. వెంకటగిరి పోలేరమ్మ జాతర ఎప్పుడన్నా చూశావా? వినాయక చవితి అయ్యాక భాద్రపదంలో వస్తది. అమ్మవారిని మట్టితో కుమ్మరోళ్ల ఇంట్లో చేస్తారు. బుధవారం రాత్రి ఊరేగింపుగా తెచ్చి నిలబెడతారు, గురువారం అంతా జనం, దర్శనం, ఇసకేస్తే రాలదు. అదే రోజు సాయంత్రం ఊరేగించి విరూపం చేసేస్తారు. విరూపం అంటే ఆ రూపం తీసెయ్యడమే. ఒక రోజు ముందు చేతులెత్తి మొక్కిన మొహాన్ని మళ్లీ మట్టి చేసేస్తారు. ఆ మట్టి కోసం జనం ఎగబడతారు, తీసుకెళ్లి ఇంట్లో పెట్టుకుంటారు, పొలాల్లో చల్లుకుంటారు.

చిన్నప్పుడు నేను ఏడ్చేవాణ్ణి, అమ్మని ఎందుకు అట్టా చేస్తారని. మా నాయన మగ్గం మీద నుంచి లేవకుండానే, అమ్మే ఒక రోజుకి మించి తన మొహం పట్టుకుని కూర్చోలా, నువ్వెందుకురా పట్టుకుని కూర్చుంటావు అన్నాడు. మా నాయన ధ్యానం గీనం ఏమీ ఎరగడు.

కాబట్టి రూపం ఎందుకంటే, నాకు తెలిసి, తీసెయ్యడానికి కూడా ఒకటి ఉండాల గదా. లేనిదాన్ని ఏం తీసేస్తావు.

బుచ్చి పాత పంతులు:

వెంకటగిరి నాయనా, నీ మాటకి నేను ఒక పుస్తకం ఇచ్చేస్తాను. కాళికని జీవితమంతా అమ్మా అని పిలిచిన రామకృష్ణ పరమహంస గారికీ ఇదే చిక్కు వచ్చింది. తోతాపురి అనే అద్వైత సన్యాసి దక్షిణేశ్వరానికి వచ్చి నిరాకారంలో కూర్చోమంటే, కళ్లు మూయగానే అమ్మ రూపమే వచ్చి నిలబడేది, దాటలేకపోయేవారు. తోతాపురి ఒక గాజు ముక్క ఏరి కనుబొమల మధ్య గుచ్చి, అక్కడ నిలుపు మనసుని అన్నాడట. అప్పుడు జ్ఞానం అనే కత్తితో ఆ రూపాన్ని రెండుగా నరికి దాటారు. తర్వాత మళ్లీ అమ్మ దగ్గరికే వచ్చారు. నరికినందుకు అమ్మకి కోపం రాలేదు, మనకే ఆ మాట రాస్తుంటే చెయ్యి వణుకుతుంది.

చీమకుర్తి అబ్బాయికి. రమణుల మార్గం నేరు దారే, కాదనను. ఆయన ఆశ్రమంలో కూడా తల్లి సమాధి మీద మాతృభూతేశ్వరాలయం ఉంది, అందులో శ్రీచక్రం ఉంది, ఆ మాట కూడా గుర్తుపెట్టుకో. మన కోవూరు ఆయన లాంటి మనిషికి నేనెవరు అని అడిగితే లోపల నుంచి వెంటనే జవాబు వస్తుంది, నేను ఉపాసకుణ్ణి అని. ఎదురుగా తనకంటే పెద్దది ఒకటి నిలబడితే తప్ప తల వంగని మనుషులుంటారు, నాతో సహా. ఆ సారీ సంగతి మాత్రం నువ్వు చెప్పిందే మొదటి పని, నేను అది రాయకపోవడం నా పొరపాటు.

కావలి తల్లీ, శాస్త్రంలో ఉందా అని అడిగావు. దేవీమాహాత్మ్యం ఐదో అధ్యాయంలో "యా దేవీ సర్వభూతేషు మాతృరూపేణ సంస్థితా" అని ఉంది. నిద్రా రూపం, ఆకలి రూపం, చివరికి భ్రాంతి రూపం కూడా అమ్మే అని అక్కడే ఉంది. నీ పక్కన ఆ రాత్రి అవన్నీ పడుకునే ఉన్నాయి.

ఒంగోలు గిత్త 2:

పెద్దోళ్లు మాట్లాడుకుంటున్నారు, నేను బీటెక్ ఫైనల్ ఇయర్, మధ్యలో దూరుతున్నా సారీ. రీల్స్‌లో ఛిన్నమస్త అమ్మవారి బొమ్మ చూశా, తన తల తనే నరికి చేత్తో పట్టుకుని ఉంటుంది, మెడలోంచి మూడు ధారలు, రెండు పక్కన ఉన్న ఇద్దరు చెలికత్తెల నోట్లోకి, ఒకటి తన తల నోట్లోకే. కింద ఇగో కటింగ్ మెడిటేషన్ అని రాసి 11 రోజులు చెయ్యండి అని మ్యూజిక్ పెట్టారు. భయమేసింది కానీ బొమ్మ మాత్రం కళ్లముందు నుంచి పోవట్లే. చెయ్యొచ్చా?

ఇంకోటి, పంతులు గారు రామకృష్ణుల పేరు ఎత్తారు కాబట్టి. మా తాతకి ఒంగోలు ఎడ్లంటే పిచ్చి, ఆయన రామకృష్ణుల కథ ఒకటి చెప్పేవాడు. దూడ హంబా హంబా అంటుందంట, అందులో హం అంటే నేను అనంట. నేను నేను అన్నందుకు దాన్ని నాగలికి కడతారు, చచ్చాక తోలుతో చెప్పులు కుడతారు, డప్పు చేసి బాదుతారు, అయినా తీరదు. చివరికి పేగుల్తో దూది ఏకే వింటికి నారి కడితే అప్పుడు తుహు తుహు అంటుందంట, అంటే నువ్వే నువ్వే అని. అప్పటికి గానీ దానికి విడుదల లేదు. కథ అయ్యాక మా తాత కొట్టంలోకి చూపించి, వాళ్ల దూడలు ఏమంటాయో నాకు తెలీదబ్బాయ్, మన దూడ మాత్రం పుట్టిన రోజు నుంచి అంబా అనే అంటా ఉంది, దానికి ఈ ఖర్మంతా ఎందుకు అనేవాడు. అప్పుడు నవ్వేవాణ్ణి. ఇప్పుడు ఈ థ్రెడ్ చదువుతుంటే తాత జోక్ చేశాడా సీరియస్‌గా అన్నాడా అర్థం కావట్లే.

బుచ్చి పాత పంతులు:

గిత్తా, ఛిన్నమస్త దశమహావిద్యల్లో, అంటే అమ్మవారి పది రూపాల్లో, ఒకరు, రీలు చూసి పట్టుకునేది కాదు, వద్దు. బొమ్మ కళ్లముందు నుంచి పోవట్లేదంటే దాని పని అది చేస్తోంది, అంతవరకు చాలు. ఒక్కటి మాత్రం చూడు. తల తెగినా ఆమె పడిపోలేదు, నిలబడే ఉంది. తల పోతే నేనేమైపోతానో అని భయపడేది తలే. పక్కన ఉన్న ఇద్దరికీ ఆకలేసిందని ఇచ్చింది అని కథ. పరీక్షలు చూసుకో ముందు.

మీ తాత గారికి నమస్కారం. అది జోకు కాదు.

చీమకుర్తి రాయి:

అంబా పాయింట్ బాగుంది తమ్ముడూ, దానికి నా దగ్గర జవాబు లేదు. మిగతాది నేను ఇంకా ఒప్పుకోలేదు. మట్టి మొహం తీసెయ్యడం మాత్రం చూడాలనుంది, ఈసారి జాతరకి వెంకటగిరి వస్తా, మగ్గం అన్నా రూమ్ దొరుకుతుందా?

వెంకటగిరి మగ్గం:

జాతరకి రూములు దొరకవు. మా ఇంటికి రా. మగ్గం పక్కన చోటుంది.

కోవూరు ఎరువుల కొట్టు:

రెండు వారాలు ఆగి రాస్తన్నా, అందరికీ పేరు పేరునా దండాలు. కావలి అక్కా, మీ నమస్కారం చెప్పా, మా ఆవిడ నవ్వి ఫోను లాక్కుని థ్రెడ్ మొత్తం చదివింది. తప్పించుకునే దారి లేదు ఇప్పుడు నాకు.

స్టేటస్‌లు ఆపేశా. మొదటి మూడు రోజులు చెయ్యి లాగేసింది, సిగరెట్ మానేసినట్టు. ఎర్ర పంచె బీరువాలో పెట్టా, లుంగీ మీదే కూర్చుంటన్నా. టైమ్ కూడా మార్చా, షాపు తెరిచే టైమ్‌కి పూజ అయిపోవాల, కాకపోతే ఎక్కడున్నా ఆపి దిగిపోవాల, సహస్రనామం మధ్యలో ఆపితే దోషమని మా బావ అన్నాడు, రైతుని ఎండలో నిలబెడితే దోషం కాదా అన్నా. ఈ మాట అన్నాక కొంచెం గర్వంగా అనిపించింది, అదీ రాస్తన్నా, దాయకుండా.

మాస్టారు చెప్పినట్టు అంకుశం దగ్గర ఆగుతున్నా. మొదటి రోజు ఎవరి పేరు పెట్టాలా అని వెతికితే 9 మంది వచ్చారు, అందులో నలుగురు మా చుట్టాలే. ఇవ్వడం ఈజీగా లేదు, ఇచ్చినట్టే ఇచ్చి మళ్లీ లాక్కుంటన్నా. కళ్ల దగ్గర ఎక్కువసేపు ఉంటన్నా ఇప్పుడు, కరుణాతరంగితాక్షీం దగ్గరే ఒక్కోరోజు 20 నిమిషాలూ అయిపోతన్నాయి, నాలుగో పాదం దాకా పోవడమే లేదు. పోకపోయినా పర్లేదనిపిస్తా ఉంది.

ఆ పెద్దాయన దగ్గరికి పొయ్యా. బండి మీద పోతా దారంతా ఏం చెప్పాల అని రిహార్సల్ చేసుకున్నా. ఆయన గట్టు మీద కూర్చుని ఉండాడు. నేను నోరు తెరిచే లోపలే, రా అయ్యా కూర్చో, ఆకులు చూడు ఎర్రబడతా ఉండాయి అన్నాడు. దిగి చూశా, జింకు లోపం, తలకాయ దించుకుని చూసే పని కాబట్టి బాగానే కుదిరింది. సారీ చెప్పా, ఆయన విన్నాడో లేదో, ఏం మందు కొట్టాల అని అడిగాడు. ఆ రోజు అమ్మోరికి మా పైరు గురించి చెప్పావా అని కూడా అడిగాడు. చెప్పలేదు అన్నా. సరేలే నువ్వే చూశావు గదా అన్నాడు.

కావలి కోడలు:

తమ్ముడూ ఇంత దాకా వచ్చావు కాబట్టి అడుగుతన్నా, మా కుండీలో కరివేపాకు చెట్టుకి లేత ఆకుల కింద నల్లగా పేనుబంక పట్టింది. ఏం కొట్టాల? తినే ఆకు, విషం వద్దు.

కోవూరు ఎరువుల కొట్టు:

వేపనూనె అక్కా, లీటరు నీళ్లకి 5 ఎంఎల్, కొంచెం సబ్బు నీళ్లు కలుపు లేకపోతే నూనె తేలతది. ఎండ లేనప్పుడు సాయంత్రం కొట్టు, ఆకు కింద భాగం తడవాల. వారానికి మళ్లీ ఒకసారి.